ఎండ, ఇల్లు, ఏకాంతం



మనం ఇవాళ తలచుకుంటున్న మాస్టారు ఈ ఊళ్లో ఎన్నో తరాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పారు. ఉష్ణం పాఠం వచ్చేసరికి సాయంత్రం పూట పిల్లల్ని బయటికి పిలిచి, బడి పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టి చూడమనేవారు. పొద్దు వాలినా గోడ కాలుతూనే ఉండేది. పగలు తాగిన వేడిని గోడ రాత్రికి తిరిగి ఇస్తుందన్న సంగతి పుస్తకంకన్నా ముందు చేతికి తెలిసేది. ఈ ఉపన్యాసం అటువంటి గోడల గురించి, వాటికి ఇవతల పడుకునే ఆలుమగల గురించి.

సౌరగృహాల మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ప్యానెళ్ల సంగతి, సబ్సిడీల సంగతి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను ఇళ్లకు ప్లాన్లు గీసే వృత్తిలో బతికినవాణ్ణి. ప్లాను కోసం వచ్చే దంపతులు పూజగది ఎక్కడో అడుగుతారు, వంటింటి గట్టు ఎత్తు అడుగుతారు, కారు పట్టే చోటు అడుగుతారు. మేమిద్దరం నిదానంగా కూర్చుని మాట్లాడుకునే చోటు ఎక్కడ అని అడిగినవాళ్లు చాలా తక్కువ. అడగడానికి మొహమాటం. ఆ అడగని ప్రశ్నకూ ఇంట్లో ఖర్చయ్యే ఇంధనానికీ సంబంధం ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. చలి దేశంలో వెచ్చదనం ఏ గదిలో ఉంటే ఇంటిల్లిపాదీ ఆ గదికే చేరతారు. ఉక్కపోత దేశంలో చల్లదనం ఎక్కడుంటే అక్కడికి చేరతారు. ఇద్దరు మనుషులు వేరుగా ఒక గదిలో ఉండాలంటే ఆ గదికి వేరుగా వెచ్చదనమో చల్లదనమో కావాలి. అంటే ఏకాంతానికి ఇంధనం ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎవరు భరించగలిగారు, ఎవరు భరించలేకపోయారు అన్నదాన్ని బట్టి ప్రేమ నడిచే తీరు కూడా మారుతూ వచ్చింది.

ప్రేమ ఐరోపా కవులు కనిపెట్టిన వస్తువనీ, మిగతా లోకం వాళ్ల దగ్గర నేర్చుకుందనీ చాలాకాలం పండితులే నమ్మారు. డెని ద రుజ్‌మోఁ అనే స్విస్ రచయిత 1939లో రాసిన పుస్తకం, పడమటి ప్రేమ భావనకు మూలాలు పన్నెండో శతాబ్దపు దక్షిణ ఫ్రాన్సు గాయక కవుల్లో వెతికింది. దాని ప్రభావం చాలా దూరం పోయింది. 1992లో విలియం జాంకోవియాక్, ఎడ్వర్డ్ ఫిషర్ అనే ఇద్దరు మానవశాస్త్రవేత్తలు 166 సమాజాల మీద అప్పటికే పోగుపడి ఉన్న రాతలను తిరగేసి, 147 చోట్ల మోహంతో కూడిన ప్రేమకు స్పష్టమైన ఆనవాళ్లు ఉన్నాయని చూపించారు. మిగిలిన చోట్ల ఆనవాళ్లు దొరకకపోవడానికి, అక్కడికి వెళ్లి రాసినవాళ్లు ఆ విషయం అడగకపోవడమే చాలావరకు కారణం కావచ్చని కూడా అన్నారు. కాబట్టి ప్రేమించే శక్తి ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాన్ని ఎప్పుడు బయటపెట్టాలో, ఎవరి ముందు దాచుకోవాలో, పెళ్లికి ముందు ఉండాలో తర్వాత రావాలో సంస్కృతి నిర్ణయిస్తుంది.

1995లో రాబర్ట్ లెవీన్, ఆయన సహచరులు పదకొండు దేశాల కాలేజీ విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు. మీరు కోరుకునే గుణాలన్నీ ఉన్న మనిషి దొరికితే, ప్రేమ లేకపోయినా పెళ్లి చేసుకుంటారా? అమెరికాలో సరేనన్నవాళ్లు నూటికి నలుగురు కూడా లేరు. మన దేశంలో దాదాపు సగం మంది సరేనన్నారు. ఇది చూసి మనవాళ్లకు ప్రేమ పట్టదని తేల్చేస్తే పొరపాటు. ప్రేమ పెళ్లి తర్వాత దానంతట అదే వస్తుందని మన పిల్లలు నమ్ముతున్నారు. పెద్దలు అలా చెప్పి పెంచారు. అందులో నాకు పేచీ లేదు. కానీ పెళ్లి తర్వాత రావలసిన ప్రేమకు, ఆ తర్వాతి ఇంట్లో చోటు ఉండాలి కదా? ప్రేమను పెళ్లి అవతలికి వాయిదా వేసిన మనమే, పెళ్లయిన ఇంట్లో దానికి జానెడు చోటు ఇవ్వలేదు. ఈ ఉపన్యాసంలో నా బాధ ఇదే.

ఏకాంతానికీ ఇంధనానికీ ఉన్న సంబంధం నాకు మొదట స్పష్టంగా కనిపించింది ఒక చైనా పల్లె గురించి చదివినప్పుడు. ఈశాన్య చైనాలో, హైలాంగ్‌జియాంగ్ రాష్ట్రంలో, షియాజియా అనే ఊరు. యున్‌షియాంగ్ యాన్ అనే ఆయన 1970లలో ఆ ఊళ్లో రైతుగా కొన్నేళ్లు బతికి, 1989లో మానవశాస్త్రవేత్తగా తిరిగి వెళ్లి, ఆ తర్వాత మళ్లీ మళ్లీ వెళ్లి, 2003లో ఆ ఊరి కుటుంబ జీవితం మీద పుస్తకం అచ్చువేశారు. అక్కడ చలికాలం గడ్డకట్టే చలి. పాత ఇళ్లలో కాంగ్ అనే ఇటుకల మంచం ఉంటుంది. వంటపొయ్యి పొగ నేరుగా చిమ్నీలోకి పోదు. ఆ మంచం కింద అల్లిన గొట్టాల గుండా ప్రయాణించి, తన వేడంతా ఇటుకలకు ఇచ్చి, అప్పుడు బయటికి పోతుంది. మొక్కజొన్న దంటుతో అన్నం ఉడుకుతుంది, అదే మంటతో మంచం రాత్రంతా వెచ్చగా ఉంటుంది. ఇంధనం పొదుపు దృష్టితో చూస్తే ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఉండదు. అయితే వెచ్చటి చోటు ఆ ఒక్కటే కనక కుటుంబమంతా దాని మీదే పడుకోవాలి. పెళ్లయిన కొడుకు, కోడలు, తల్లిదండ్రులు ఒకే గదిలో పడుకున్న రోజులు ఆ ప్రాంతంలో ఉన్నాయి.

1980ల తర్వాత ఆ ఊళ్లో ఇళ్లు మారాయి. వచ్చినవాళ్లను కూర్చోబెట్టే గది వేరయింది, యువ దంపతుల పడకగది వేరయింది. భార్యాభర్తలు ఒకరి ఇష్టాయిష్టాలు ఒకరు అడిగి తెలుసుకోవడం, మనసులో మాట నోటితో చెప్పడం పెరిగాయని యాన్ రాస్తారు. గది దొరికింది కనక ప్రేమ పుట్టిందని ఆయన అనలేదు. ప్రేమకు కొత్త రూపం కావాలనుకున్న పిల్లలు గది కావాలని పట్టుబట్టారు, గది వచ్చాక ఆ రూపం స్థిరపడింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నడిచాయి. ప్రతి గదికీ వేరుగా వెచ్చదనం కావలసి వచ్చి ఇంధనం ఖర్చు కూడా ఆ వెంటే పెరిగింది.

ఇంగ్లండులో ఈ మార్పు నాలుగు వందల ఏళ్లకు పైగా ముందే వచ్చింది. అంతకు ముందు పల్లెటూరి ఇంటి మధ్యలో పెద్ద హాలు, హాలు మధ్యలో నెగడు, పొగ పైకప్పు సందుల్లోంచి పోవాలి. 1577లో విలియం హారిసన్ అనే మతాచార్యుడు, తమ ఊరి ముసలివాళ్లు చూసి ఆశ్చర్యపోయిన మార్పుల్లో కొత్తగా లేచిన చిమ్నీల గుంపును మొదట చెబుతాడు. గోడలోకి చిమ్నీ వచ్చాక పొగ ఆగిపోయి, హాలు మీద ఇంకో అంతస్తు వేసుకునే వీలు కలిగింది. పై గదులు వచ్చాయి, వాటికి తలుపులు వచ్చాయి. చరిత్రకారుడు హాస్కిన్స్ 1953లో ఈ కాలానికి మహా పునర్నిర్మాణం అని పేరు పెట్టాడు.

చిమ్నీ పెట్టుకోగలిగినవాళ్ల సంగతి సరే. కట్టెలు కొనలేనివాళ్ల పిల్లలు ఎలా ప్రేమించుకున్నారు? వేల్స్‌లో, నెదర్లాండ్స్‌లో, ఆ తర్వాత అమెరికా న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో ఒకప్పుడు ఒక ఆచారం నడిచింది. పిల్లను చూడటానికి దూరం నుంచి నడిచి వచ్చిన కుర్రవాడు, ఆ పిల్ల, ఇద్దరూ బట్టలతోనే ఒకే దుప్పటి కింద పడుకుని తెల్లవార్లూ మాట్లాడుకోవచ్చు. పెద్దలు ఒప్పుకునేవారు. ఇద్దరి కోసం వేరే గదిలో కట్టెలు, కొవ్వొత్తులు తగలేయడం కన్నా దుప్పటి చౌక. చర్చి ప్రబోధకులు దీన్ని తిట్టిపోశారు. కానీ అక్కడి పల్లె ప్రజలకు అది నీతిమాలినతనంగా కనిపించలేదు. చలి, కట్టెల ధర, పెళ్లికి ముందు మనసులు తెలుసుకోవాలన్న కోరిక, ఈ మూడూ కలిసి ఆచారమయ్యాయి. సంస్కృతి ప్రేమను తీర్చిదిద్దుతుందని మనం అనే మాటలో ఇటువంటి కట్టెల లెక్కలు కూడా కలిసి ఉంటాయి.

ఇక్కడిదాకా సూర్యుడు ఇంట్లోకి రాలేదు. వచ్చిన చోటు మన దేశంలోనే ఉంది. లద్దాఖ్.

లేహ్ పట్టణం 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రి సున్నాకు ఇరవై డిగ్రీల దిగువకు పోవడం అక్కడ వింత కాదు. అడవులు లేవు, ఉన్న కాసిని విల్లో, పోప్లార్ చెట్ల కొమ్మలు ఇంటి కప్పులకే సరిపోవు. పొయ్యిలో ఎక్కువగా పేడ పిడకలు కాలేవి. కాబట్టి చలికాలం కుటుంబమంతా వంటింట్లోనే బతికేది. తినడం, ఊలు వడకడం, చంటిపిల్లల్ని ఆడించడం, నిద్రపోవడం అక్కడే. అయితే ఆ నేల మీద ఎండకు మాత్రం కరువు లేదు. ఏడాదిలో మూడు వందల రోజులకు పైగా ఆకాశం నిర్మలంగా ఉంటుంది.

ఆ ఎండను రాత్రి దాకా దాచడమెలాగో ఫ్రాన్సులో పిరనీస్ కొండల్లోని ఒడేయోలో ఫెలిక్స్ ట్రోంబ్ అనే శాస్త్రవేత్త, జాక్ మిషెల్ అనే వాస్తుశిల్పితో కలిసి 1967లో ఇల్లు కట్టి చూపించాడు. దక్షిణం వైపు మందపాటి గోడ కట్టి, దానికి నల్లరంగు వేసి, జానెడు ఎడంలో బయట అద్దం బిగిస్తారు. అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుంది, నల్లగోడ దాన్ని పట్టుకుంటుంది, అద్దం ఆ వేడిని బయటికి పోనివ్వదు. గోడ మందంగా ఉంటుంది కనక పగటి వేడి మెల్లగా పాకుతూ చీకటిపడ్డాక గదిలోకి చేరుతుంది. మన మాస్టారు పిల్లల చేత తాకించిన పడమటి గోడ చేసే పని ఇదే. అక్కడ అది వరం, ఇక్కడ శాపం. లద్దాఖ్ మట్టి ఇటుకలకు ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. ఫే గ్రామం దగ్గర ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ బృందం కట్టిన సెక్మోల్ అనే బడి ప్రాంగణం చలికాలంలో పొయ్యి లేకుండా నడుస్తోంది. ఫ్రెంచి సంస్థ జెరెస్, స్థానిక సంస్థలతో కలిసి పల్లె ఇళ్లకే ఇటువంటి గదులు చేర్పించింది. దక్షిణాన అద్దాల గది, గోడలో గడ్డి నింపిన పొర, కప్పుకు చలి ఆపే ఏర్పాటు. ఖర్చు పెద్దది కాదు, తాపీమేస్త్రీలు స్థానికులే.

అక్కడి కుటుంబ వ్యవస్థ కూడా ప్రత్యేకమైనది. సాగునేల కొద్ది, పంచితే ఎవరికీ చాలదు. అందుకని అన్నదమ్ములు కలిసి ఒక భార్యతో కాపురం చేసే పద్ధతి బౌద్ధ కుటుంబాల్లో ఉండేది. జమ్మూకశ్మీర్ ప్రభుత్వం 1941లో చట్టం చేసి దాన్ని నిషేధించింది. ఇంకో ఆచారం ఉంది, అది నాకెంతో ఇష్టం. పెద్దకొడుకు పెళ్లయి కాపురం నిలదొక్కుకున్నాక తల్లిదండ్రులు ఖంగ్‌చెన్ అనే పెద్ద ఇంటిని, దానితో పాటు పొలం పెత్తనాన్నీ అతనికి అప్పగించి, పక్కనే ఉన్న ఖంగ్‌బు అనే చిన్న ఇంటికి మారిపోతారు. కొత్త జంటకు చోటు వదలడం అక్కడ పెద్దరికంలో భాగం. కానీ అంతటి ఆచారం కూడా చలికాలం వంటగది ముందు ఓడిపోయేది. చిన్నవాళ్లు, మిగిలిన పెళ్లికాని బంధువులు, అందరూ మళ్లీ ఆ ఒక్క పొయ్యి చుట్టూ. దక్షిణాన ఎండ కాచుకునే ఇంకో గది చేరితే ఇంట్లో రాత్రిపూట బతకగలిగిన గదులు ఒకటి నుంచి రెండవుతాయి. ఇంధన పథకాల లెక్కల్లో మిగిలిన పిడకలు, తగ్గిన పొగ, గదిలో పెరిగిన డిగ్రీలు ఉంటాయి. ఆ రెండో గదిలో ఎవరు పడుకుంటున్నారు అన్న ప్రశ్న కూడా ఆ లెక్కల్లో ఉండాలని నా కోరిక. ముసలివాళ్ల దగ్గుకు దూరంగా పిల్లవాడు చదువుకుంటున్నాడా, ఒక జంట తలుపు మూసుకుని మాట్లాడుకుంటోందా, ఎవరైనా అడిగి రాయాలి.

సౌరగృహం చరిత్రలో నేను తరచూ తలుచుకునే ఇంకో ఇల్లు అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం డోవర్‌లో 1948లో లేచింది. బుడాపెస్టులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త మరియా టెల్కెస్ వేడిని దాచే పద్ధతి ఆలోచించారు. ఎలినార్ రేమండ్ ప్లాను గీశారు. శిల్పి అమీలియా పీబాడీ డబ్బు, స్థలం ఇచ్చారు. ముగ్గురూ స్త్రీలు. పైభాగంలో దక్షిణం వైపు నిలువెత్తు అద్దాల వరుస, దాని వెనక వేడెక్కే గాలి. ఆ గాలిని ఫ్యాన్లు గదుల మధ్య పెట్టిన డబ్బాల్లోకి తోస్తాయి. ఆ డబ్బాల్లో గ్లాబర్ లవణం ఉంది. అది సుమారు 32 డిగ్రీల దగ్గర కరుగుతూ వేడిని మింగుతుంది, మళ్లీ గడ్డకడుతూ ఇస్తుంది. ఒకే కొలిమి చుట్టూ ఇల్లంతా చేరాల్సిన పని లేకుండా, గదులకు గోడల్లోంచే వెచ్చదనం. టెల్కెస్ బంధువుల కుటుంబం అందులో కాపురం పెట్టింది. మొదటి శీతాకాలం బాగానే గడిచింది. తర్వాత లవణం పొరలుగా విడిపోయింది, డబ్బాలు తుప్పుపట్టి కారాయి. కొన్నేళ్లకే ఆ ఇంట్లో నూనె కొలిమి పెట్టాల్సివచ్చింది. ఓడిన ప్రయోగం అని కొట్టిపారేయడం నాకు ఇష్టముండదు. వేడిని పగటి నుంచి రాత్రికి మోసుకుపోవడమే సౌరగృహం అసలు చిక్కు అని లోకానికి స్పష్టంగా చెప్పిన ఇల్లు అది. దాని ప్లాను గీసిన రేమండ్, ఇళ్ల పత్రిక సంపాదకురాలు ఎథెల్ పవర్‌తో జీవితకాలం కలిసి బతికారు. అమెరికా సమాజం అటువంటి కాపురాన్ని పేరు పెట్టి గౌరవించడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది. ఇల్లంటే ఒకే రకం దంపతుల కోసమని ఆమె ఎన్నడూ అనుకుని ఉండరని నాకనిపిస్తుంది.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది.

గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్లకు దాని చల్లదనం తెలుసు. నాలుగు వైపుల పెంకుల కప్పు లోపలికి వాలి, మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. పగలు వేడెక్కిన గాలి అందులోంచి పైకి పోతుంది, రాత్రి చల్లబడిన గాలి అందులోకి దిగుతుంది. అన్ని గుమ్మాలూ ఆ మండువా వైపే తెరుచుకుంటాయి. గాలి తిరగాలంటే అంతే చెయ్యాలి. అయితే గాలికి ఎంత స్వేచ్ఛ ఉందో చూపుకూ అంత స్వేచ్ఛ. ఏ గదిలోంచి ఎవరు వచ్చినా, ఎవరు ఎవరితో మాట్లాడినా ఇల్లంతా చూస్తుంది. పగలు పెద్దల ముందు భర్తతో మాట్లాడకూడదన్న కట్టుబాటు, మాట్లాడాల్సివస్తే పిల్లల్ని అడ్డం పెట్టుకుని చెప్పడం, భర్త పేరు పలకకపోవడం, ఇవన్నీ ఆ ఇంటి గాలితో పాటు తిరిగినవే. ఆ ఇల్లు కరెంటు అడగలేదు. ఆ చల్లదనానికి మూల్యం కొత్త కోడలు చెల్లించింది. మండువా ఇంటిని తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే రచనలు మనకు చాలా ఉన్నాయి. వాటిలో ఆమె గొంతు చాలా తక్కువ.

తెలుగు ప్రేమ కవిత్వం ఎక్కడ నడిచిందో చూడండి. శాతవాహనుల నాటి గాథాసప్తశతిలో ప్రేమికులు చేలల్లో, గోదావరి ఒడ్డు పొదల్లో కలుస్తారు. అది ప్రాకృతమే అయినా నేల మనది. 1925లో అచ్చయిన నండూరి సుబ్బారావు ఎంకి పాటల్లో కూడా ఎంకీ నాయుడుబావా ఎక్కువగా ఆరుబయటే కనిపిస్తారు. ఇంట్లో చోటు లేని ప్రేమ పొలం గట్టు వెతుక్కుంది. పొలం గట్టు దొరకని అగ్రవర్ణపు కోడలికి కవిత్వంలో కూడా విరహమే మిగిలింది.

వేసవిలో ఇంకా కష్టం. మగవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లు పెరట్లోనో వసారాలోనో, నులకమంచాలు వరసగా. కొత్తగా పెళ్లయినవాళ్లకు ఆ వరసలో చోటు వేరువేరుగానే. ఆషాఢం వస్తే కొత్త కోడలు పుట్టింటికి పోవాలి. ఆషాఢంలో కడుపు నిలిస్తే ప్రసవం ఎండలు ముదిరే నెలల్లో వస్తుందని, తల్లీబిడ్డా తట్టుకోలేరని పెద్దలు చెప్పే కారణం. ఎండ మన దాంపత్యంలో క్యాలెండరు కూడా రాసింది.

పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది. గదులు వచ్చాయి, తలుపులు వచ్చాయి. ఏకాంతం దొరికిందనుకున్నాం. కానీ నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఆ వేడిని మంచం మీదికి దించుతుంది. రామగుండంలోనో, రెంటచింతలలోనో, విజయవాడలోనో మే నెల రాత్రి పదింటికి పై అంతస్తు పడకగదిలో ఫ్యాను వేస్తే వేడిగాలే తిరుగుతుంది. వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతి మూలన పెడతాం. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ పడే గోడలు ఆ మూలవే. ఆ మూల వద్దని నేనెవరికీ చెప్పను, నమ్మకం వాళ్లది. ఆ గోడకు నీడ ఇవ్వండి, బయట చెట్టో, వెడల్పాటి సన్‌షేడో, ఇంకో వరస గోడో ఇవ్వండని మాత్రం ప్రతి ప్లానులోనూ పోట్లాడాను. ముహూర్తానికి లక్షలు ఖర్చుపెట్టేవాళ్లు పడమటి నీడకు వేలు ఖర్చుపెట్టడానికి వెనకాడటం నాకు నిజంగా బాధ కలిగించేది.

అందుకే మధ్యతరగతి ఇంట్లో మొదటి ఏసీ పడకగదిలో బిగిస్తారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీ అందరికీ తెలుసు. ఏప్రిల్ రాగానే అత్తగారు, మామగారు, సెలవులకు వచ్చిన మేనల్లుళ్లు, పిల్లలు, అందరూ ఆ ఒక్క గదిలో పరుపులు పరుచుకుంటారు. రెండో ఏసీ కొనలేం, కొన్నా బిల్లు కట్టలేం. తల్లిదండ్రుల్ని ఉక్కలో వదిలి తలుపు వేసుకోవడానికి ఏ కొడుక్కీ మనసొప్పదు, ఒప్పకూడదు కూడా. షియాజియాలో ఇటుకల మంచం, లద్దాఖ్‌లో వంటింటి పొయ్యి చేసిన పనిని మన దగ్గర ఒకటిన్నర టన్నుల యంత్రం చేస్తోంది. గదులు నాలుగున్నా రాత్రి బతకగలిగిన గది ఒకటే. మండుటెండల్లో రెండు నెలలపాటు మన ఇళ్లలో చాలామంది ఆలుమగలు మళ్లీ ఉమ్మడి మంచం కాలానికి పోతారు. అలసట, చిరాకు, మాటల్లేకపోవడం, వీటిని మనం వాళ్ల స్వభావాలకు అంటగడతాం.

ఇక్కడ సౌరవిద్యుత్తు ఎంత సాయం చేస్తుందో చూద్దాం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకం మూడు కిలోవాట్ల ప్యానెళ్లకు 78,000 రూపాయల సాయం ఇస్తోంది. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, మూడు కిలోవాట్లు పన్నెండు. ఒక ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది నుంచి పది యూనిట్లు లాగుతుంది. అంటే ఒక ఏసీ, ఇంటి ఫ్యాన్లు, దీపాలు ఆ కప్పు మీది ఎండతో లెక్కకు సరిపోతాయి. రెండో గదికి ఆ ఎండ చాలదు. పైగా రాత్రి పదింటికి సూర్యుడు ఉండడు, పగలు గ్రిడ్డుకు ఇచ్చిన కరెంటును రాత్రి వాడినదాంతో సరిచూసే నెట్ మీటరింగ్ లెక్కలు బిల్లులో కలుస్తాయి గానీ ఆ వేళకు ఏసీని నడిపేది ఎక్కువగా బొగ్గు కరెంటే. టెల్కెస్ ఎదుర్కొన్న చిక్కు, పగటిని రాత్రికి మోయడం, ఇంకో రూపంలో మన ముందు కూడా ఉంది. కాబట్టి ప్యానెల్ కన్నా ముందు గోడ, కప్పు, కిటికీ గురించి మాట్లాడాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఆ దిశలో మంచి అడుగు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేసిన కప్పు కింద గది నిజంగానే చల్లబడుతుంది.

ఈ విషయంలో నేను గురువుగా భావించే మనిషి వాస్తుశిల్పి లారీ బేకర్. బర్మింగ్‌హామ్‌లో 1917లో పుట్టిన ఈ క్వేకర్ క్రైస్తవుడు, కుష్ఠురోగుల సేవాసంస్థ పని మీద మన దేశానికి వచ్చాడు. అదే సంస్థ తరఫున హైదరాబాదులో పనిచేస్తున్న డాక్టర్ ఎలిజబెత్ జాకబ్‌ను ప్రేమించాడు. రెండు వైపులా అభ్యంతరాలు వచ్చాయి. ఇద్దరూ తొందరపడలేదు. వేరువేరు చోట్ల పనిచేసుకుంటూ, అప్పుడప్పుడు కలుస్తూ ఆగారు. 1948లో పెళ్లి చేసుకుని హిమాలయాల్లో పిథోరాగఢ్ వెళ్లి, అక్కడే ఆసుపత్రి కట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోయారు. తర్వాత కేరళ చేరారు. తిరువనంతపురంలో ఆయన కట్టిన ఇళ్లలో ఇటుకల మధ్య ఖాళీ వదిలి పేర్చిన ర్యాట్ ట్రాప్ గోడలు, కాంక్రీటు తగ్గించడానికి పెంకులు పొదిగిన కప్పులు ఉన్నాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఆయన జాలీ గోడలు. ఇటుకలను ఎడంగా, మెలికగా పేరుస్తాడు. గాలి ఆగదు, చూపు ఆగుతుంది. మన మండువా చేయలేని పని అదే. కిటికీ మూసి ఏసీ వేస్తే తప్ప ఏకాంతం లేదనుకునే మనకు, చూపును ఆపి గాలిని వదిలే గోడ ఒకటి సాధ్యమని ఆయన చూపించాడు. సిమెంటు జాలీలు మన పాత ఇళ్లకు కూడా ఉండేవి. అద్దాల కిటికీలు ఫ్యాషనయ్యాక వాటిని పగలగొట్టి మూసేశాం.

చివరగా పేదల ఇళ్ల గురించి చెప్పి ముగిస్తాను. ఎందుకంటే ఏకాంతం వాళ్లకే అన్నిటికన్నా ఖరీదు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు, కనీసం 400 చదరపు అడుగులు కట్టాలి. ఒక పడకగది, ఒక ముందుగది, వంటిల్లు. అందులో దంపతులు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలితల్లి. వాళ్లకు ఏసీ లేదు. వాళ్లకు మిగిలిన ఒకే ఒక్క అదనపు గది డాబా. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు, ప్యానెళ్ల నీడ పడిన కప్పుకు చేరే వేడి సుమారు 38 శాతం తగ్గిందని కొలిచారు. అయితే ప్యానెల్ రాత్రి పూట కప్పు వేడిని ఆకాశంలోకి పోనివ్వకుండా అడ్డం కూడా పడుతుంది. అందుకని ప్యానెళ్లను కప్పుకు ఆనించి పరచకుండా మనిషి నిలబడే ఎత్తున, డాబాలో సగం మీద మాత్రమే, నాలుగు వైపులా గాలి ఆడేలా నిలబెట్టాలి. మిగతా సగం ఆకాశానికి వదిలెయ్యాలి. చుట్టూ పిట్టగోడను సిమెంటు జాలీతో భుజం ఎత్తుకు లేపాలి, పక్కింటి డాబా మీది చూపు అందకుండా.

ఇంకొక్కటి, మెట్లు. ఇప్పుడు ప్లాన్లలో మెట్లు ఎక్కువగా ముందుగదిలోంచో వాకిట్లోంచో లేస్తున్నాయి. ముందుగదిలో పడుకునేది ముసలితల్లి, వాకిట్లో వీధి. రాత్రి పైకి వెళ్లాలంటే ఆ జంట ఆమె మంచం దాటి, వీధి కళ్ల ముందు ఎక్కాలి. సిగ్గుపడి ఎక్కరు. అదే మెట్లను పడకగది వెనక తలుపు పక్కనుంచి లేపితే అయ్యే అదనపు ఖర్చు చాలా స్వల్పం, చాలా స్థలాల్లో అసలు ఉండదు. ఈ మార్పుకు చట్టం అక్కరలేదు, జీవో అక్కరలేదు. మేస్త్రీ ముగ్గు పోసే రోజున ఆ ఇంటి ఇల్లాలిని పక్కకు పిలిచి, మెట్లు ఎటు నుంచి కావాలమ్మా అని ఒక్కమాట అడిగితే చాలు.